అడవి అంచున అందరి బాట

హైదరాబాద్ నడిబొడ్డున, బంజారాహిల్స్‌కూ జూబ్లీహిల్స్‌కూ మధ్యనున్న కేబీఆర్ పార్కుకూ అస్సాంలోని కజిరంగాకూ చట్టం ఇచ్చిన హోదా ఒకటే. రెండూ జాతీయ పార్కులే. రెండింటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే వర్తిస్తుంది. కజిరంగాకు జనం జీపెక్కి వెళ్తారు. కేబీఆర్‌కు తెల్లవారుజామునే షూ లేసులు బిగించుకుని వాకింగ్‌కు వస్తారు. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టుకున్న ఈ అడవిని 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 1.43 చదరపు కిలోమీటర్లు, అంటే 350 ఎకరాల పైమాట. లోపల 1940లో కట్టిన చిరాన్ ప్యాలెస్ ఉంది. దాని చుట్టూ గ్రానైట్ గుండ్లు, సీతాఫలం చెట్లు, వేప, తుమ్మ, తంగేడు పొదలు, వాటి మాటున నెమళ్ళు, ముంగిసలు, ఉడుములు. 600 రకాల మొక్కలు, 140 జాతుల పక్షులు ఉన్నాయని చెబుతారు. ప్రహరీ దాటితే నాలుగు పక్కలా వాహనాల హోరు.

ఇలాంటి చోటు విషయంలో రెండు కోరికలు వినిపిస్తాయి. రెండూ న్యాయమైనవే. వీల్‌చైర్‌లో తిరిగేవాళ్ళు, చేతికర్ర ఊతంతో నడిచే పెద్దవాళ్ళు, చూపులేనివాళ్ళు, చంటిబిడ్డను బండిలో కూర్చోబెట్టుకుని వచ్చిన తల్లులు అడిగేది ఒకటి: అందరూ వెళ్ళే చోటికి మేమూ వెళ్ళాలి. పక్షుల్ని పరిశీలించేవాళ్ళు, చెట్ల బాగోగులు చూసేవాళ్ళు అడిగేది ఇంకొకటి: మిగిలిన ఈ కాస్త అడవిలో ఇంక బాటలు వెయ్యకండి. మన నగరాల్లో ఈ రెండు మాటల్నీ ఎదురెదురుగా నిలబెట్టడం అలవాటైపోయింది. ర్యాంపు అడిగినవారికి పర్యావరణం పేరు చెబుతారు. అడవిలో సిమెంటు పోసేటప్పుడు వికలాంగుల పేరు చెబుతారు. ఇది ఇద్దరికీ అన్యాయం.

కాలికింది నేల, కొండమీద పడిన వాన, గుబురులో కూర్చున్న పిట్ట ఎలా నడుచుకుంటాయో దగ్గరగా చూస్తే ఈ తగవులో చాలా భాగం తగవే కాదని తెలుస్తుంది. వీల్‌చైర్ సాఫీగా సాగడానికి ఎంత వాలు కావాలో, నేల కోసుకుపోకుండా ఉండడానికీ దాదాపు అంతే వాలు కావాలి. ఆపైన మిగిలే అసలు సమస్య బాట ఎలా ఉండాలన్నది కాదు, ఎక్కడ ఉండాలన్నది.

మొదటి పాతిక నడకలు

మనుషుల రాకపోకలతో అడవులకు, కొండలకు జరిగే నష్టాన్ని కొలవడానికే ఒక శాస్త్రశాఖ ఉంది. రిక్రియేషన్ ఎకాలజీ అంటారు. అందులో అందరూ వాడే కొలత పద్ధతిని 1993లో అమెరికాకు చెందిన డేవిడ్ కోల్, స్కాట్లాండ్‌లో పనిచేసిన నీల్ బేఫీల్డ్ కలిసి ప్రతిపాదించారు. అది చాలా సాదాసీదా ప్రయోగం. ఎవరూ తొక్కని పచ్చని నేల మీద మీటరున్నర పొడవు, అరమీటరు వెడల్పు ఉన్న పట్టీలు గీస్తారు. ఒక పట్టీని అసలు ముట్టుకోరు. మిగిలినవాటి మీద వరసగా 25, 75, 200, 500 సార్లు నడుస్తారు. రెండు వారాల తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత మరోసారి వచ్చి ఏ పట్టీలో ఎంత పచ్చదనం మిగిలిందో, ఎంత తిరిగి మొలిచిందో లెక్కగడతారు.

ఇలాంటి ప్రయోగాల్లో పదేపదే తేలిన సంగతి ఒకటుంది. నడిచేవాళ్ళు పెరిగినకొద్దీ నష్టం అదే పాళ్ళలో పెరగదు. మొదట్లో గబగబా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నీడపట్టున పెరిగే మెత్తని వెడల్పాకు మొక్కలు మొదటి కొద్దిపాటి నడకలకే చతికిలబడతాయి. గడ్డి జాతులు కొంత ఓర్చుకుంటాయి, ఎందుకంటే వాటి చిగురు పుట్టే చోటు నేలకు అంటుకుని ఉంటుంది. పచ్చదనమంతా పోయి మట్టి తేలాక మాత్రం ఇంకో ఐదొందల మంది నడిచినా కొత్తగా పోయేది కొంచెమే. కోలుకోవడమే కష్టం. ఒక్క పూటలో జరిగిన నష్టం పూడడానికి ఏళ్ళు పట్టే నేలలున్నాయి.

దీన్నిబట్టి వెయ్యిమంది ఒకే బాటలో నడిస్తే ఆ బాట మేరకే నేల పోతుంది. అదే వెయ్యిమంది పాతికమంది చొప్పున నలభై అడ్డదారుల్లో నడిస్తే నలభై చోట్ల దెబ్బ తగులుతుంది, అదీ నష్టం వేగంగా జరిగే మొదటి దశలోనే. ‘జనాన్ని నాలుగు దిక్కులకూ సర్దితే అడవికి భారం తగ్గుతుంది’ అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. చిన్న నగర అడవి విషయంలో అది తప్పు.

మట్టి లోపల జరిగేది కంటికి కనబడదు కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న మట్టిలో దాదాపు సగం ఖాళీయే. ఆ ఖాళీలో కొంత నీరు, కొంత గాలి. వానపాములు, చెదలు, చచ్చిన వేళ్ళు వదిలిన సొరంగాలు, మట్టి రేణువులు గడ్డకట్టి చేసుకున్న సందులు కలిసి ఆ గుల్లతనం వస్తుంది. పొంగిన ఇడ్లీని అరచేత్తో నొక్కితే ఏమవుతుందో పాదం కింద మట్టికీ అదే అవుతుంది. మొదట అణిగిపోయేవి పెద్ద సందులే. వాననీటిని గబగబా లోపలికి పీల్చేది, వేళ్ళకు ఊపిరి ఇచ్చేది కూడా అవే. గుల్లగా ఉన్న నేల ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములు తూగుతుంది అనుకుంటే, ఇసుకపాలు ఎక్కువున్న మన ఎర్ర నేలల్లాంటివి అణిగి అణిగి 1.7, 1.8 గ్రాములకు చేరాక లేతవేళ్ళు అందులోకి చొచ్చుకుపోలేవు. చెట్లకు తిండి, నీరు అందించే సన్నవేళ్ళలో ఎక్కువభాగం పైనున్న అడుగు, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. బాట పక్కన నిండుగా కనిపించే వేపచెట్టు నాలుగైదేళ్ళకు కొమ్మల చివర్ల నుంచి ఎండుకుంటూ రావడానికి తరచూ ఇదే కారణం. జబ్బు ఆకుల్లో కనబడుతుంది, మొదలైంది మాత్రం మన అరికాళ్ళ కింద.

ఇక బాటలు ఎలా వెడల్పవుతాయో చూడాలంటే శ్రావణమాసంలో ఏదైనా మొరం దారి దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. దారి నడుమ ఒక పల్లం ఉంటుంది, అందులో నీళ్ళు నిలుస్తాయి. మొదట వచ్చినాయన షూ తడవకుండా గడ్డి మీదుగా పక్కకు తిరిగి వెళ్తాడు. వెనక వచ్చేవాళ్ళకు ఆ గడ్డి మీద అడుగులు కనిపిస్తాయి, వాళ్ళూ అలాగే వెళ్తారు. వారానికి గడ్డి పోతుంది. నెలకు అక్కడా మట్టి అణిగి పల్లమవుతుంది, అందులోనూ నీళ్ళు నిలుస్తాయి. ఈసారి వచ్చినవాళ్ళు ఇంకా పక్కకు జరుగుతారు. మీటరు వెడల్పున్న బాట మూడు మీటర్లు కావడానికి రెండు వానకాలాలు చాలు. దీన్ని జనం తప్పుగా చూడడం సరికాదు. కాలు తడవకుండా నడవాలనుకోవడం సహజం. బాటలో నీరు నిలవడం బాట వేసినవారి లోపం.

నీటికీ చక్రానికీ ఒకటే వాలు

హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు దాకా, కొన్ని జడివానల్లోనే కురిసిపోతుంది. కింద దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. దానిమీద పలచని మట్టిపొర. ఆ పొర ఒకసారి కొట్టుకుపోతే మళ్ళీ ఏర్పడడానికి మనిషి ఆయుష్షు సరిపోదు. అందుకే ఇలాంటి గుట్టల మీద బాట గీత ఎటు పోతోందన్నది చాలా ముఖ్యం.

గుట్ట పైనుంచి కిందికి తిన్నగా దిగే అడ్డదారిలోనే నీరూ దిగుతుంది. ఏటవాలు పెరిగినకొద్దీ నీటి వేగం పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నీరు దొర్లించగల రాతి బరువు దాదాపు 64 రెట్లు అవుతుందని ప్రవాహశాస్త్రంలో పాత సూత్రం ఒకటుంది. మొదటి వానకు మట్టి, రెండో వానకు గులకరాళ్ళు, ఆ తర్వాత పిడికిలంత రాళ్ళు జారిపోతాయి. చివరికి మిగిలేది వేళ్ళు తేలిన కాలువ. అందుకే కొండబాటలు వేసేవారు సగం సూత్రం పాటిస్తారు. కొండ వాలు ఎంత ఉందో, బాట వాలు అందులో సగాన్ని మించకూడదు. కొండ నూరడుగులకు ఇరవై అడుగులు దిగుతుంటే, బాట నూరడుగులకు పదడుగులు మించి ఎక్కకూడదు, దిగకూడదు. అప్పుడే పైనుంచి వచ్చిన నీరు బాటను అడ్డంగా దాటి పొదల్లోకి పోతుంది. అంతకంటే నిటారైతే నీరు బాటలోకే మళ్ళి దాని వెంబడే పరుగు తీస్తుంది.

ఇప్పుడు వీల్‌చైర్ సంగతి చూద్దాం. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ భూముల్లోని ప్రకృతి బాటలకు 2013లో అందుబాటు ప్రమాణాలు ఖరారు చేశారు. 20 అడుగులకు ఒక అడుగు ఎక్కే వాలు ఎంత దూరమైనా ఉండొచ్చు. 12కు ఒకటి అయితే 60 మీటర్ల వరకే, 10కి ఒకటి అయితే 9 మీటర్ల వరకే, 8కి ఒకటి అయితే 3 మీటర్ల వరకే. ప్రతి ఏటవాలు తర్వాతా ఆగి ఊపిరి తీసుకునే సమతలం ఉండాలి. 12కు ఒకటి కంటే నిటారైన భాగం మొత్తం బాటలో 30 శాతం దాటకూడదు. ఈ అంకెల్ని సగం సూత్రం పక్కన పెట్టి చూడండి. చేతులతో చక్రం తిప్పుకుంటూ వెళ్ళే మనిషి భుజాల శక్తిని బట్టి వేసిన లెక్క ఒకటి, నీటి వేగాన్ని బట్టి వేసిన లెక్క మరొకటి. రెండూ చూపించేది ఒకే బాటను: కొండను చుట్టుకుంటూ, మెల్లగా ఎక్కుతూ, మధ్యమధ్య చదునవుతూ సాగే బాటను.

పూర్తిగా కలవని చోటు ఒకటుంది, దాన్ని దాచకూడదు. నీరు నిలవకుండా ఉండాలంటే బాట అడ్డంగా, లోయవైపుకు కాస్త వాలి ఉండాలి. ఆ వాలు ఎక్కువైతే వీల్‌చైర్ పదేపదే పల్లం వైపుకే లాగుతుంది. కూర్చున్నవారు ఒక చక్రాన్నే ఎక్కువ తిప్పాల్సి వచ్చి కొద్దిసేపటికే అలసిపోతారు. అందుకని మట్టిబాటకు అడ్డవాలు నూటికి 5 దాటకూడదని ఆ ప్రమాణాల్లోనే పరిమితి పెట్టారు. అంత తక్కువ వాలుతో నీటిని బయటికి పంపాలంటే బాట వేసే పనివారికి నైపుణ్యం కావాలి, ఏటా మరమ్మతు కావాలి. వేసి మరిచిపోయే బాట ఎవరికీ పనికిరాదు.

ఆ ప్రమాణాల్లో నన్ను బాగా ఆలోచింపజేసింది వెడల్పు. కనీస వెడల్పు 36 అంగుళాలు, అంటే 91 సెంటీమీటర్లు. అంతే. బాట ఐదడుగుల కంటే సన్నగా ఉంటే, ఎదురొచ్చేవారికి దారి ఇవ్వడానికి 300 మీటర్లకొక చోట కాస్త వెడల్పు చేస్తే సరిపోతుంది. అందుబాటు అనగానే లారీ పట్టేంత రోడ్డు వేయాలన్న భ్రమ మన ఇంజినీరింగ్ అంచనాల్లో ఎక్కడినుంచి వచ్చిందో కానీ, దానికి వికలాంగుల అవసరంతో సంబంధం లేదు. ఏదైనా చోట బండరాయి అడ్డొచ్చినా, అరుదైన మొక్క ఉన్నా అక్కడ సడలింపు ఉంటుంది. అయితే అది ఆ ముక్కకే వర్తిస్తుంది, ఆ వంకతో మొత్తం బాటను వదిలేయడానికి కుదరదు. ఇలాంటి నిబంధన మనకూ చాలా అవసరం.

ఇక పైపొర. వీల్‌చైర్‌కు ముందున్న రెండు చిన్న చక్రాల మీదే అసలు సమస్యంతా. వెనక పెద్ద చక్రాలు దాటేసే చోట ఈ చిన్నవి ఇసుకలో దిగబడతాయి, గులకరాయికి అడ్డం తిరుగుతాయి, ఒక్క అంగుళం మెట్టు దగ్గర ఆగిపోతాయి. ఒక్కోసారి మనిషి ముందుకు తూలి పడతాడు. కాబట్టి నేల గట్టిగా ఉండాలి, కదలకుండా ఉండాలి. అంటే సిమెంటే కావాలని కాదు. గుండ్రటి గులకరాళ్ళు పరిస్తే ఒకదానిమీద ఒకటి దొర్లుతాయి. క్రషర్‌లో పగిలిన కోసుకోసు రాళ్ళు, వాటి పొడి కలిపి తడిపి రోలర్‌తో నొక్కితే అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. దక్కనులో ఈ పనికి ప్రకృతి ఇచ్చిన సరుకే ఉంది, మన మొరం. గ్రానైట్ శిథిలమై ఏర్పడిన ఈ మట్టిలో పగిలిన రాతి ముక్కలూ ఉంటాయి, వాటిని అంటిపెట్టే బంకమన్నూ ఉంటుంది. వాలు సరిగ్గా ఉండి నీరు పక్కకు పోయే ఏర్పాటుంటే మొరం బాట గట్టిగా నిలుస్తుంది, వాకర్ల మోకాళ్ళకూ మేలు. వాలు తప్పితే మాత్రం రెండు జడివానలకే కొట్టుకుపోతుంది. అప్పుడు ‘మొరం నిలవదు, పేవర్ బ్లాకులు వేద్దాం’ అంటారు. నిలవనిది మొరం కాదు, ఆ గీత.

వేళ్ళు పైకి తేలిన చోట, వాగు దాటే చోట నేలకు ఎత్తుగా పలకల వంతెనబాట మంచిది. వాన కింద పడుతుంది, వేళ్ళ మీద బరువు పడదు, పాములూ తొండలూ కిందుగా దాటిపోతాయి. పలకల్ని నడిచే దిశకు అడ్డంగా పరచాలి, సందులు అరంగుళం మించకూడదు. నిలువుగా పరిస్తే చిన్న చక్రం సందులో ఇరుక్కుంటుంది. అంచుకు చిన్న గట్టు ఉంటే వీల్‌చైర్ జారిపోదు. చూపులేనివారు ఆ గట్టును చేతికర్రతో తడుముకుంటూ ఎవరి తోడూ లేకుండా నడవగలరు. పొద్దున్నే నెమలి కేకను, కోయిల కూతను, ఎండాకుల మీద తొండ పరుగును విని అడవిని తెలుసుకునే వారికి ఆ గట్టు ఎంత స్వేచ్ఛ ఇస్తుందో ఊహించండి.

ఇవేవీ దయతో చేసేవి కావు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వినోదంలో, సాంస్కృతిక జీవితంలో అందరితో సమానంగా పాల్గొనే హక్కును గుర్తించింది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలు ఉండాలని తీర్పిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. ఆరోగ్యం వైపునుంచి చూసినా కారణం బలంగానే ఉంది. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం మిగతావారికంటే ఎక్కువని తేలింది. ముసలివారిలో, దీర్ఘకాలిక జబ్బులున్నవారిలో కూడా అదే ధోరణి కనిపించింది. మరి వాళ్ళనే గేటు బయట ఆపేస్తున్నాం. మోటారు సైకిళ్ళు రాకుండా గేటు దగ్గర పాతిన ఇనుప స్తంభాలు చాలాచోట్ల వీల్‌చైర్‌నే ముందు ఆపుతాయి. లోపల ఎంత మంచి బాట ఉన్నా అలాంటి గేటుతో అది వృథా.

అడవికి లోపల అంటూ ఒకటి మిగలాలి

నేల, నీరు, చక్రం వరకు రాజీ కుదురుతుంది. పక్షుల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. బాట వెడల్పు మీటరే అయినా దాని ప్రభావం మీటరుతో ఆగదు. మనిషి అలికిడికి పిట్టలు గూడు వదిలి లేస్తాయి, మేత మానేస్తాయి, నేలమీద గుడ్లు పెట్టేవి చోటు మార్చుకుంటాయి. ఆస్ట్రేలియాలో సిడ్నీ శివారు అడవుల్లో పీటర్ బ్యాంక్స్, జెస్సికా బ్రయంట్ 2007లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. కుక్కను గొలుసుతో పట్టుకుని నడిచినా చాలు, అక్కడ కనిపించే పక్షి జాతుల సంఖ్య 35 శాతం, మొత్తం పక్షుల సంఖ్య 41 శాతం తగ్గాయి. రోజూ కుక్కలు తిరిగే చోట్ల కూడా అంతే, పక్షులు అలవాటు పడలేదు. కుక్క లేకుండా మనిషి ఒక్కడే నడిచినా అలజడి ఉంది, అయితే అందులో సగం కూడా లేదు.

కేబీఆర్ అంత చోటును ఒక వృత్తంగా ఊహించుకుని చిన్న లెక్క వేద్దాం. 1.43 చదరపు కిలోమీటర్ల వృత్తానికి వ్యాసార్థం సుమారు 675 మీటర్లు. బాటకు, రోడ్డుకు వంద మీటర్ల దూరం వరకు అలజడి ఉంటుందనుకుందాం. చుట్టూ అంచు వెంబడే బాట ఉంటే నిశ్శబ్దంగా మిగిలే అడవి 73 శాతం, అదీ ఒకే ముక్కగా. అలా కాక నడిమధ్య నుంచి ఇంకో బాట వేస్తే మిగిలేది 57 శాతం, రెండు ముక్కలుగా. దాన్ని అడ్డంగా దాటుతూ మరో బాట వేస్తే 43 శాతం, నాలుగు ముక్కలుగా. రెండు బాటల అసలు వైశాల్యం మూడువేల చదరపు మీటర్లు కూడా ఉండదు. అడవి మాత్రం 30 శాతం తగ్గిపోయింది. వందకు బదులు యాభై మీటర్లు తీసుకున్నా అంకెలు మారతాయి కానీ, లెక్క ఎటు మొగ్గుతుందో అది మారదు.

నగర శివార్లలోని పెద్ద అడవులకు ఇంత ఇరుకు లేదు. విశాఖను ఆనుకుని ఉన్న కంబాలకొండ అభయారణ్యం దాదాపు 70 చదరపు కిలోమీటర్లు. దాని ముందు భాగంలో సందర్శకులకు బాటలున్నా వెనక అడవికి చాలా లోతుంది. హైదరాబాద్‌లోనే వనస్థలిపురం దగ్గరున్న మహావీర్ హరిణ వనస్థలి 14 చదరపు కిలోమీటర్ల పైనే. కేబీఆర్‌కు ఆ వెసులుబాటు లేదు. అందుకని నా అభిప్రాయం ఇది: ఇంత చిన్న అడవిలో అందరికీ పనికివచ్చే మంచి బాట ఒక్కటి, అదీ అంచున, ఇప్పటికే తొక్కి గట్టిపడ్డ చోటే ఉండాలి. లోపలికి ఎవరికీ దారి ఉండకూడదు. గట్టి కాళ్ళున్నవారికి లోపల ‘సాహస బాట’, వీల్‌చైర్ వారికి గేటు దగ్గర వంద మీటర్ల సిమెంటు పట్టీ అని విడదీయడం ఇద్దరిలో ఒకరిని తక్కువ చేస్తుంది, అడవిని కూడా ముక్కలు చేస్తుంది. రాత్రి దీపాలు కూడా వద్దు. మిణుగురులకు, చిమ్మటలకు, వాటిని తిని బతికే గబ్బిలాలకు చీకటే ఆవాసం.

అంచునే ఉంచితే జనం ఒత్తిడి తట్టుకోగలదా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి సింగపూర్ అనుభవం పనికొస్తుంది. అక్కడి బుకిట్ తిమా అభయారణ్యం సుమారు 163 హెక్టార్లు, అంటే కేబీఆర్ కంటే కాస్త పెద్దది. చుట్టూ నగరమే. జనం తాకిడికి బాటలు కోసుకుపోయి, వేళ్ళు తేలి, వాలులు జారే పరిస్థితి వచ్చింది. 2014 సెప్టెంబరులో దాన్ని మూసి, రెండేళ్ళు మరమ్మతు చేసి, 2016 అక్టోబరులో పూర్తిగా తెరిచారు. వాలుల్ని పటిష్ఠం చేశారు, దెబ్బతిన్న చోట్ల నేలకు ఎత్తుగా నడక వంతెనలు కట్టారు. అంతకంటే ముఖ్యమైన పని అభయారణ్యాల గోడ బయట జరిగింది. వాటి చుట్టూ వరసగా నేచర్ పార్కులు పెంచారు. 2009లో డెయిరీ ఫార్మ్, 2017లో విండ్సర్, 2022లో 66 హెక్టార్ల రైఫిల్ రేంజ్ పార్కు. వాకింగ్‌కు, సైకిల్‌కు, పిల్లల ఆటలకు, వీల్‌చైర్ విహారానికి కావలసినవి ఇక్కడ సమకూర్చి అసలు అడవి మీద భారం తగ్గించడం వాళ్ళ పద్ధతి.

కేబీఆర్ చుట్టూ అలాంటి వలయానికి చోటు లేదు. 2020లో కేంద్రం ప్రకటించిన పర్యావరణ సున్నిత మండలం కొన్నిచోట్ల 3 మీటర్లు, ఎక్కడా 30 మీటర్లు దాటలేదు. పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల ప్రణాళికల మీద నగర పౌరులు 2016 నుంచీ అభ్యంతరాలు చెబుతూనే ఉన్నారు. పక్కన చోటు లేనప్పుడు ఊరంతా వెతకాలి. కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్ ఉంది. శివార్లలోని రిజర్వు అడవుల అంచుల్లో కండ్లకోయ లాంటి అర్బన్ ఫారెస్ట్ పార్కులు వచ్చాయి. చెరువుగట్లు ఎన్నో ఉన్నాయి. రోజువారీ వాకింగ్‌కు కావలసింది నీడ, చదును, భద్రత. అది ఇంటికి కిలోమీటరు లోపు దొరికితే జాతీయ పార్కుకు వచ్చేవారు నిజంగా అడవి కోసమే వస్తారు. ప్రతి కాలనీలో నడవదగ్గ ఫుట్‌పాత్ వెయ్యడం కూడా నెమళ్ళను కాపాడే పనే.

పని మొదలెట్టేవారికి చెప్పదగ్గవి కొన్నున్నాయి. బాట గీతను ఎండాకాలంలో మ్యాపు మీద గీయకూడదు. వానాకాలంలో, జడివాన వెలిసిన గంటకు, చిన్న జెండాలు పట్టుకుని నేలమీద గీయాలి. నీరు ఎటు పోతోందో అప్పుడు నేలే చూపిస్తుంది. ఆ గీత వెంట ఇంజినీరు, అటవీ శాఖ సిబ్బంది, పక్షుల్ని ఎరిగినవారు, వీల్‌చైర్ వాడేవారు, చూపులేనివారు కలిసి నడవాలి. గుత్తేదారు రాకముందే నడవాలి. చెట్టు దగ్గర గీత అరమీటరు జరపడానికి ఆ రోజైతే జెండా పీకి పక్కన పాతితే చాలు, ఆ తర్వాతైతే టెండరు మార్చాలి.

అడ్డదారుల్ని మూసేటప్పుడు బోర్డొకటి పెట్టి ఊరుకుంటే పని జరగదు. దారి కంటికి కనిపిస్తున్నంత కాలం జనం నడుస్తారు. మొదట్లో, చివర్లో ముళ్ళకంప కొట్టి వెయ్యాలి. గట్టిపడిన మట్టిని గునపంతో వదులు చేసి ఎండాకులు పరచాలి. అక్కడి మొక్కల విత్తనాలే చల్లాలి. మొదటి మలుపు దాకా పొద పెరిగి చూపు ఆగితే చాలు, వెనకనున్నది దానంతటదే కోలుకుంటుంది.

ఆ తర్వాత ఏటా రెండుసార్లు, వానలకు ముందూ వెనకా, టేపు పట్టుకుని బాట వెడల్పు కొలవాలి. వంద మీటర్లకొక చోట చాలు. మీటరుంపావు వేసిన బాట ఎక్కడైనా రెండు మీటర్లయిందంటే అక్కడ నీరు నిలుస్తోందనో, వాలు ఎక్కువైందనో, కూర్చోడానికి చోటు లేక జనం పక్కకు దిగుతున్నారనో అర్థం. ముందు ఆ కారణాన్ని సరిచెయ్యాలి. వెడల్పైన మేర కూడా బాటలోకే కలిపేసి మొరం పోయడం మాత్రం చెయ్యకూడదు.